మందలో పోటీ ఎక్కడ ముగుస్తుంది?

లేపాక్షి నంది దాటాక బీడు. అక్కడ గొర్రెలు మేపే కురుబ పెద్దాయనకూ, జంతుశాస్త్రం చెప్పి రిటైరైన సారుకూ మాట విత్తన పొట్టేలు దగ్గర మొదలైంది.

కాపరి: నేను కొమ్ములు చూడను సారూ. బీజాలు చేత్తో పట్టి చూస్తా. రెండూ సమంగా, బరువుగా ఉండాల. మేత తగ్గిన ఏడు అవీ చిక్కిపోతాయి.

సారు: నీ చెయ్యి సరిగ్గానే చెప్తోందన్నా. కానీ అవి అంత పెద్దవి ఎందుకయ్యాయి? చింపాంజీ బరువు గొరిల్లాలో మూడో వంతుకు లోపే. బీజాలు మాత్రం చింపాంజీవి సుమారు 120 గ్రాములు, గొరిల్లావి 30.

కాపరి: అంత జంతువుకు అంతేనా!

సారు: గొరిల్లా తోటి మగవాటిని ఒంటి బలంతో తరిమేస్తుంది. ఆ తర్వాత దానికి పోటీ లేదు. చింపాంజీ ఆడది ఎదకొస్తే చాలా మగవాటితో కలుస్తుంది. అప్పుడు కొట్లాట కడుపు లోపల, వీర్యాల మధ్య సాగుతుంది. ఎక్కువ వీర్యం ఉన్నదానికి పిల్లలెక్కువ, ఆ కొడుకులకూ అదే ఒళ్ళు. డార్విన్ 1871లో కొమ్ములనూ ఈకలనూ వివరించాడు. లోపలి పోటీని 1970లో జెఫ్రీ పార్కర్ పురుగుల్లో తేల్చాడు. మన వైపు కోతుల గుంపుల్లో మగవి చాలా, బీజాలూ పెద్దవే.

కాపరి: అంటే మగదాని ఒంటిని మలిచింది ఆడదాని నడతే!

సారు: పోటీ మగవాటిదే. అది ఎక్కడ జరగాలో ఆడదాని నడత తేలుస్తుంది. ఎవరూ కోరలేదు, ఎవరూ పథకం వెయ్యలేదు. ఇన్నేళ్ళు పాఠం చెప్పినా నాకిది అద్భుతమే.

కాపరి: మరి బలమైనదే గెలవాల కదా?

సారు: స్కాట్లాండ్ దగ్గర సెయింట్ కిల్డా దీవుల్లో సోయ్ గొర్రెలు కాపరి లేకుండా బతుకుతాయి. పెత్తనం చేసే పొట్టేలు ఎద కాలం మొదట్లో గెలుస్తుంది. దాటి దాటి వీర్యం అడుగంటాక, చివర్లో తండ్రయ్యే వంతు మిగతా పొట్టేళ్ళకు పోతుందని 2001లో తేలింది.

కాపరి: అది నేను చూసిందే. ఒక్కదానికి గొర్రెలెక్కువైతే కొన్ని చూలు కట్టక మళ్ళీ ఎదకొస్తాయి. కానీ నా మందలో పొట్టేలు ఒక్కటే, మిగతావి సంతకు పోతాయి. పోటీ లేనప్పుడు బీజాలు తగ్గిపోవాల కదా?

ఇంత సూటి ప్రశ్న సారును ఏ విద్యార్థీ అడిగి ఉండడు.

సారు: తరాల మీద తగ్గొచ్చు, వాటి పోషణ దండగ కాబట్టి. కానీ నువ్వు పెద్దవి చూసి ఏరుతున్నావు. ఎంపిక నీ చేతికొచ్చింది.

కాపరి: నేను చూసేది నా లాభం. గొర్రెకు కావాల్సిందీ అదేనా?

సారు: కాదు. నీకు మాంసం బరువు, దానికి బతికే పిల్ల. పెద్ద ఒళ్ళు పెద్ద మేత అడుగుతుంది.

కాపరి: అయితే ఈసారి బీజాలతో పాటు తల్లినీ చూస్తా. కరువేడు పిల్లను సాకినదాని కొడుకునే ఉంచుకుంటా.