తెలియకపోవడం ఎవరి తప్పు? - ఇంగ్లీషు బోధనలో ఒక నైతిక ప్రశ్న

పరభాష నేర్పే ఉపాధ్యాయునికి విద్యార్థి సొంత భాషను తరగతి గదిలో వినిపించకుండా చేసే హక్కు ఉందా? భాషాబోధన శాస్త్రం దీన్ని చాలాకాలంగా పద్ధతికి సంబంధించిన ప్రశ్నగానే చర్చించింది. మాతృభాష వాడితే ఇంగ్లీషు త్వరగా వస్తుందా, ఆలస్యమవుతుందా అన్నదే ఆ చర్చ సారం. ఫలితాలు కొలిచే ఆ చర్చలో న్యాయాన్యాయాల మాట వెనకబడింది.

ఈ ప్రశ్నకు సికింద్రాబాదు తగిన స్థలం. 1806లో సికందర్ జా పేరు పెట్టుకున్న ఈ ఊళ్ళో ఇంగ్లీషు ముందు దండు భాష, తరువాత రైల్వే భాష, ఆపైన బడి భాష. 1893 ఫిబ్రవరిలో వివేకానందుడు ఇక్కడి మహబూబ్ కళాశాలలో తన పాశ్చాత్య యాత్రా లక్ష్యాన్ని వివరించింది ఇంగ్లీషులోనే. తెలుగు, ఉర్దూ, తమిళం, మరాఠీ పక్కపక్కనే వినిపించే ఊరిలో ఇంగ్లీషు అందరికీ సమానంగా పరాయిదన్న వాదానికి కొంత బలముంది. ఊరికి ఆనుకొని ఉన్న తార్నాక దగ్గరే దేశమంతటి ఇంగ్లీషు ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చే సంస్థ ఉంది. 1958లో కేంద్రీయ ఆంగ్ల సంస్థగా మొదలై నేడు ఇఫ్లూ అయినది అదే. 1960ల తొలినాళ్ళలో దానికి సంచాలకుడైన వి.కె. గోకాక్ కన్నడ కవి. కర్ణాటక బడులలో కన్నడానికి ప్రథమ స్థానం ఇవ్వాలని సిఫార్సు చేసిన 1981 నాటి సంఘానికి అధ్యక్షుడూ ఆయనే. ఒకే మనిషిలో ఈ రెండు పనులూ ఇమిడినప్పుడు, తగవు రెండు భాషల మధ్య ఉందనుకోవడం పొరపాటు. దాన్ని మరోచోట వెదకాలి.

తెలుగు సాహిత్య చరిత్రలో అందరికీ తెలిసిన ఒక ఘటన ఇందుకు సాయపడుతుంది. 1907 ప్రాంతంలో పాఠశాలల పరీక్షాధికారి జె.ఎ. ఏట్సు తెలుగు నేర్చుకుంటూ, పుస్తకంలోని భాషకూ జనం మాట్లాడే భాషకూ ఇంత తేడా ఎందుకని అడిగాడు. ఆ ప్రశ్న పి.టి. శ్రీనివాస అయ్యంగారి ద్వారా గిడుగు, గురజాడల ముందుకు వచ్చింది. వ్యావహారిక భాషోద్యమానికి అది ఒక ప్రారంభ బిందువు. చరిత్రకారులు ఈ ఘటనను ఉద్యమ కోణం నుంచి చూశారు. బోధన కోణం నుంచి చూస్తే ఇందులో మరొక విషయం కనిపిస్తుంది. ఏట్సుకు అర్థం కాలేదు. అయినా ఆయనను మందబుద్ధి అని ఎవరూ అనలేదు. ఆయనకు అర్థం కాకపోవడం తెలుగును గురించిన ప్రశ్న అయింది. పండితులు దానికి సమాధానం చెప్పుకోవలసి వచ్చింది. అదే ఒక పదేళ్ళ పిల్లకు ఇంగ్లీషు పాఠం అర్థం కాకపోతే అది పిల్లను గురించిన తీర్పు అవుతుంది. పాఠ్యపుస్తకం సమాధానం చెప్పుకోనక్కరలేదు. ఇద్దరి అజ్ఞానమూ ఒకే రకం. ఇద్దరూ రెండవ భాష గుమ్మంలో నిలబడినవారే. తేడా అధికారంలో ఉంది. తెలుగులో మాట్లాడినందుకు జరిమానా వేసే బడి ఈ తేడాను నియమంగా మార్చి గోడకు అతికిస్తుంది, అంతే.

గిడుగు తాను ఈ తేడాను తలకిందులు చేసినవాడు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉంటూ ఆయన సవర భాష నేర్చుకున్నాడు, సవరల కోసం బడులు పెట్టాడు, వాచకాలు రాశాడు. 1931లో సవర భాషా వ్యాకరణం ప్రచురితమైంది. పిల్లల భాష తెలియకపోవడం తన లోపమని మొదట ఒప్పుకున్న ఉపాధ్యాయుడాయన. ఏట్సు ప్రశ్న ఆయనను అంతగా కదిలించడానికి ఇదీ ఒక కారణమై ఉండవచ్చు.

అయితే ఈ వాదాన్ని ఇంగ్లీషు వద్దనే వాదంగా మలచకూడదు. కన్యాశుల్కంలో గిరీశం, వెంకటేశం తల్లి ముందు ఇంగ్లీషు ముక్కలు వల్లిస్తారు, ఆమె మురిసిపోతుంది. ఈ సన్నివేశాన్ని తరతరాలుగా నవ్వుతూ చదివాం. కానీ పుట్టింటివారు పసుపుకుంకుమల కిచ్చిన భూమిని అమ్మి అయినా కొడుకును చదివించుకుంటానన్న ఆ వెంకమ్మ ఆశలో నవ్వవలసిందేమీ లేదు. మోసం గిరీశానిది, భాషకు బదులు భాష హోదాను అమ్మాడు. 2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడులలో ఇంగ్లీషు మాధ్యమం వచ్చినప్పుడు దాన్ని కోరుకున్న తల్లిదండ్రులది వెంకమ్మ ఆశే. దళిత బహుజనులకు ఇంగ్లీషు చదువు అందాలన్న కంచ ఐలయ్య వాదంలోని బలం కూడా ఇక్కడే ఉంది. తమ పిల్లలను ఇంగ్లీషు బడికి పంపి, ఇతరుల పిల్లలకు మాతృభాష గొప్పతనం బోధించేవారికి ఆ వాదం ముందు జవాబు లేదు. గిరీశాలు కాని ఉపాధ్యాయులు ఆ తల్లులకు దొరుకుతారా అన్నదే అసలు చిక్కు.

తెలుగు శాఖలకు ఈ చర్చ బయటిది కాదు. 2018 చట్టం తెలంగాణ బడులన్నింటిలో పదవ తరగతి దాకా తెలుగును తప్పనిసరి చేసింది. ఆ తరగతిలో ఇంట్లో లంబాడీ మాట్లాడే పిల్ల ఉంటుంది, ఉర్దూ మాట్లాడే పిల్లవాడు ఉంటాడు. వారికి తెలుగే రెండవ భాష. తెలుగు ఇంటి పిల్లలకైనా వాచకంలోని తెలుగు ఇంటి తెలుగు కాదు. కోస్తా జిల్లాల మాట ప్రమాణమై, తెలంగాణ మాట ఎర్ర సిరా గీత కింద పడిన దశాబ్దాలు ఇంకా దూరం కాలేదు. ఇంగ్లీషు బడి జరిమానాను విమర్శించే తెలుగు అధ్యాపకుడు తన ఎర్ర సిరాను కూడా అదే తూనికలో వేయవలసి ఉంటుంది.

తరగతిలో కొంతసేపు ఇంగ్లీషే మాట్లాడదామని ఉపాధ్యాయుడు, విద్యార్థులు కలిసి అనుకోవడం సాధన. ఈత నేర్చుకునేవాడు గట్టు వదిలినట్టే. గట్టు అక్కడే ఉందని అతనికి తెలుసు. జరిమానా ఆ గట్టునే తీసేస్తుంది. పిల్లవాడు మాట్లాడటం మానేస్తాడు. ఆ మౌనాన్ని క్రమశిక్షణగా లెక్కిస్తారు. ఏ భాషలోనైనా సరే, అడగడం ఆగిపోయిన తరగతిలో ఏట్సు అడిగినలాంటి ప్రశ్న పుట్టే అవకాశం లేదు.

భాషోపాధ్యాయుల శిక్షణలో నేర్పే విధానాలెన్నో చెబుతారు గాని, ఏమీ తెలియని భాష ముందు కూర్చోబెట్టడం అరుదు. తార్నాక ప్రాంగణంలో ఇంగ్లీషు బోధన శిక్షణ ఒక గదిలో, అరబిక్, రష్యన్, జపనీస్ తరగతులు మరొక గదిలో జరుగుతాయి. ఇంగ్లీషు నేర్పబోయే వ్యక్తి ఒక సెమిస్టరు పాటు ఆ రెండవ గదిలో వెనక వరుసలో కూర్చుంటే, లిపి కూడా తెలియని బోర్డు వైపు చూస్తూ పక్కవాణ్ణి తన భాషలోనే, మెల్లగా, ఏమన్నారని అడుగుతాడు.