చుక్కల మందూ ప్రాగభావ పరిపాలనమూ

దగ్గరి వస్తువు స్పష్టంగానూ దూరపు వస్తువు మసకగానూ కనిపించే హ్రస్వదృష్టిలో, కనుగుడ్డు ఉండవలసిన దానికంటే పొడవుగా పెరగడం వల్ల బింబం కంటి వెనుక పొర అయిన రెటీనా మీద పడక, దానికి ముందే ఏర్పడుతుంది. బడి వయసులో ఈ పెరుగుదల చురుకుగా సాగి కళ్ళద్దాల పవరు ఏటేటా హెచ్చుతుంది కనుక, దానిని నెమ్మదింపజేయడానికి వైద్యులు అతి తక్కువ గాఢత గల అట్రోపిన్ చుక్కలను రాత్రి పడుకునే ముందు కంటికొకటి చొప్పున వేయిస్తారు. ఇదే మందు 1 శాతం గాఢతలో వేస్తే కనుపాప విప్పారి, దగ్గరి చూపును సర్దే సిలియరీ కండరం పట్టు సడలి, పుస్తకంలోని అక్షరాలు అలుక్కుపోతాయి, ఎండ కంట్లో గుచ్చుకుంటుంది.

ఈ చుక్కలు ఉన్న పవరును తగ్గించవు. 4 నుంచి 12 ఏళ్ళ పిల్లలపై హాంకాంగ్‌లో జరిపి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, కటకశక్తికి కొలమానమైన డయాప్టర్లలో చూస్తే, మందు లేని చుక్కలు వేసుకున్నవారికి ఏడాదిలో సగటున 0.81, 0.05 శాతం అట్రోపిన్ వేసుకున్నవారికి 0.27 పెరిగింది. అయితే తమ బిడ్డ కొత్త చీటీని చేతపట్టుకున్న తల్లిదండ్రులకు కనిపించేది పెరిగిన పవరే గాని, పెరగక ఆగినది కాదు. కంటికి ఆనని ఈ లేమిని ఫలమనవచ్చునా?

సంధ్యావందనం వంటి నిత్యకర్మల విషయంలో మన శాస్త్రకారులకు ఎదురైన ప్రశ్న ఇటువంటిదే. వాటికి స్వర్గాది ఫలం చెప్పలేదు. చేయకుంటే ప్రత్యవాయం, అనగా దోషం, కలుగుతుందని మాత్రం సంప్రదాయం చెబుతుంది. అప్పుడు వాటి ప్రయోజనం ప్రత్యవాయ ప్రాగభావ పరిపాలనమని, అంటే పుట్టని దోషాన్ని పుట్టనీయక కాపాడుకోవడమని, కొందరు సమాధానం చెప్పారు. కుమ్మరి చేయకముందు కుండ లేకపోవడమే ప్రాగభావం. అది అనాది అయినా అంతం గలదని ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో నిర్వచించాడు. ఎన్నడూ పుట్టని దానికి ప్రాగభావమే లేదన్నది తార్కికుల నియమం కనుక, చుక్కలు పెరుగుదలను వాయిదా వేసినంత మేరకే ఈ మాట వాటికి అతుకుతుంది. యౌవనంలో కనుగుడ్డు ఎదుగుదల మందగించే వరకు ఆ వాయిదా సాగితే అదే మేలు, ఎందుకంటే పవరు బాగా హెచ్చిన కంటికి మునుముందు రెటీనా ఊడే ప్రమాదం ఎక్కువ.

అయితే శంకరాచార్యులు లేవదీసిన ఆక్షేపం ఒకటి ఉంది: చేయకపోవడం అభావం, ప్రత్యవాయం భావం, అభావం నుంచి భావం ఎలా పుడుతుంది? ఈ ఆక్షేపాన్ని చుక్కల విషయానికి అన్వయిస్తే ఒక భ్రాంతి తొలగుతుంది. కనుగుడ్డు సాగడానికి కారణాలు వంశపారంపర్యం, ఎడతెగని దగ్గరి పని, ఆరుబయట గడపకపోవడం వంటివే గాని, చుక్క వేయకపోవడం కాదు. హెచ్చు గాఢత మందును ఒక్కసారిగా ఆపినప్పుడు పవరు వేగంగా పెరిగినా, దానికి మూలం అప్పటిదాకా మందు కంటిలో తెచ్చిన మార్పే. కనుక మందు దొరకని, కొనలేని తల్లిదండ్రులపై దోషం మోపే హక్కు ఈ చికిత్సకు లేదు. వేస్తున్నవారికి మాత్రం నిత్యకర్మ లక్షణం వర్తిస్తుంది, చేసింది కంటికి కనపడకపోయినా రేపు రాత్రి మళ్ళీ చేయవలసిందే.