పారిపోవు సారథి – దోషమెవ్వరిది?

క్రొత్తగా కారు కొన్నను, లారీ కొన్నను, ముందుగా దానిని ఆలయద్వారమునకు తీసికొని వచ్చి, పసుపు కుంకుమలు పెట్టి, పూలదండ వేసి, కొబ్బరికాయ కొట్టి, చక్రముల క్రింద నిమ్మకాయలుంచి నడిపించుట మన ఆచారము. దసరానాడు పాత బండ్లకును ఈ గౌరవము దక్కును. యంత్రమునందును దైవమును చూడగల ఈ సంస్కారము మంచిదే. కాని బండి గుడివాకిలి దాటి రహదారి నెక్కిన పిమ్మట మన ధర్మబుద్ధి కూడ మనవెంట వచ్చుచున్నదా అను ప్రశ్న విచారింపదగినది.

రహదారిని గూర్చి ప్రతివారికిని ఒక అభిప్రాయము కలదు. కారులో పోవువానికి లారీ డ్రైవరు మొరటువాడు. లారీ డ్రైవరునకు మోటారు సైకిలువాడు అదుపులేనివాడు. మోటారు సైకిలువానికి నడచిపోవువాడు అడ్డము. నడచువానికి బండి గలవారందరును గర్విష్ఠులే. అయితే ప్రమాదము జరిగినప్పుడు మాత్రము అందరి తీర్పును ఒక్కటే: పెద్ద బండిదే తప్పు. ఆ తీర్పు అక్కడికక్కడే అమలగుటయు కలదు. డ్రైవరును క్రిందికి లాగి కొట్టుదురు. ఆ భయముచేతనే అనేకులు ఆగక పారిపోవుచున్నారు.

కొన్నేండ్ల క్రితము నెల్లూరు దాటిన పిమ్మట, జాతీయ రహదారి ప్రక్కనున్న టీ దుకాణము వద్ద ఒక లారీ డ్రైవరుతో మాటలాడుట తటస్థించినది. మాటల సందర్భమున, "మనిషిని గుద్ది పారిపోవుట పాపము కాదా నాయనా?" అని అడిగితిని. అతడు గ్లాసు క్రింద పెట్టి, "పాపమే స్వామీ. ఆగితే నా ప్రాణం పోతుంది, ఆగకపోతే వాడి ప్రాణం పోతుంది. ఇంటికాడ పిల్లలు కళ్లలో మెదులుతారు. మీరైతే ఏం చేస్తారు?" అనెను. నాకు వెంటనే సమాధానము తోచలేదు. నాటినుండి ఆ ప్రశ్న నా మనస్సును విడువలేదు.

ఈ చిక్కును మన శాసనము కూడ గుర్తించినది. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 134వ సెక్షను, గాయపడినవానిని సమీపమునందున్న వైద్యుని కడకో ఆసుపత్రికో చేర్చుటకు ప్రయత్నించుట డ్రైవరు విధి యని చెప్పుచు, జనుల ఆగ్రహము వలన అది సాధ్యము కానిచో మినహాయింపు నిచ్చినది. మన కోపమును శాసనకర్తలు ముందే ఊహించి వ్రాయవలసి వచ్చినదన్నమాట! ఇది మనకు గౌరవము కాదు. 2022వ సంవత్సరమున మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. వారిలో 30,000కు పైగా ఢీకొట్టిన బండి ఆగక వెళ్లిపోయిన ప్రమాదములలో మరణించినవారే. అధికారులకు తెలుపక పారిపోయినవారికి పదేండ్లవరకు కారాగారము విధింపవచ్చునని భారతీయ న్యాయ సంహితలో చేర్చగా, 2024 జనవరిలో లారీ డ్రైవర్లు దేశమునందు పలుచోట్ల బండ్లు నిలిపివేసిరి. వారి మొర కూడ టీ దుకాణమున నేను వినిన మాటయే.

మరి దోషమెవ్వరిది? మొదట డ్రైవరుది. భయము పారిపోవుటకు కారణమగును గాని సమర్థన కాజాలదు. ప్రాణభయమున్నచో ఆ స్థలము విడువవచ్చును. కాని వెంటనే 108కి ఫోను చేయవచ్చును, సమీపమునందున్న పోలీసు స్టేషనుకు పోయి జరిగినది చెప్పవచ్చును. కాళ్లు దూరముగా పోయినంతమాత్రమున బాధ్యత దూరము కాదు.

రెండవ దోషము గుమిగూడిన జనులది. కొట్టుటకు లేచిన చేతులు ఆ క్షణమున గాయపడినవానిని ఎత్తవలసిన చేతులు. అంతేకాదు. నేడు దెబ్బలు తిన్న డ్రైవరు కథ రేపు దారిపొడవునను గల టీ దుకాణములలో చెప్పుకొనబడును. అది వినిన మరియొక డ్రైవరు ఆగడు. ఎక్కడనో రోడ్డుపై రక్తమోడుచు పడియున్న అమాయకుడు ఆ దెబ్బలకు మూల్యము చెల్లించును. సాయము చేసిన పోలీసుల చుట్టు తిరుగవలెనని వెనుదీయువారు ఒక సంగతి ఎరుగవలెను: అట్టివారికి రక్షణ కల్పించుచు 2019లో అదే చట్టమున 134ఎ సెక్షను చేర్చబడినది.

కొందరు "వాని రాత అట్లున్నది" అని తప్పుకొందురు. గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోవు బండి కనురెప్పపాటున ఆలోచించునంతలో, అనగా ఒక్క సెకనులో, 22 మీటర్లు దాటును. వేగము రెండింతలైనచో బ్రేకు వేసిన పిమ్మట ఆగుటకు పట్టు దూరము నాలుగింతలగును. ఇది విధి కాదు, లెక్క. మన చేతిలోని దానిని మనము చేసిన పిమ్మట మిగిలినదే విధి.

కఠోపనిషత్తు శరీరమును రథముగను, బుద్ధిని సారథిగను, మనస్సును కళ్లెముగను, ఇంద్రియములను గుఱ్ఱములుగను నిరూపించినది. ప్రమాదస్థలమున కళ్లెము జారవిడుచుచున్నది ఒక్క డ్రైవరే కాదు. అతని రథమును భయము లాగికొని పోవుచున్నది. మన రథమును కోపము లాగికొని పోవుచున్నది. నడుమ పడియున్నవాడు దప్పిక గొని నీరడుగుచున్నాడు.

సాక్షాత్తు శ్రీకృష్ణ పరమాత్మ సారథ్యము వహించెను గనుక, ఆ పని చేయువానిని చులకన చేయుట మనకు తగదు. ఆ డ్రైవరు మరల ఎదురుపడినచో ఇట్లు చెప్పుదును: "నాయనా, నీవు ఆగవలసినదే. నీవు ఆగినచోట నిన్ను కొట్టనీయక అడ్డు నిలువవలసినవారము మేము." రహదారిపై చేయదగిన వాహనపూజ అదియే.