కలుపు పాట

నంద్యాలలో ఒక సంగీత విద్వాంసుడు ఉండేవాడు. అహోబిల నరసింహస్వామి మీద ఆనందభైరవిలో ఒక కీర్తన కట్టి ఆళ్లగడ్డలో కచేరీ పెట్టాడు. ముందు వరసలో పెద్దలు తలలూపారు. వెనక కూర్చున్న రైతులూ, రాతిశిల్పాలు చెక్కే పనివాళ్లూ పల్లవి పూర్తికాకుండానే లేచిపోయారు. వాళ్లకు వినే చెవి లేదనుకున్నాడు విద్వాంసుడు.

సంక్రాంతి వెళ్లింది. స్వామి పల్లకి పారువేటకు బయలుదేరింది. తన పెళ్లికి రమ్మని జనాన్ని పిలవడానికి నలభై రోజులకు పైగా ఊరూరూ తిరిగే స్వామి ఆయన. విద్వాంసుడూ వెంట నడిచాడు. ఒక ఊళ్లో పల్లకి దించినప్పుడు, పక్కనే ఉల్లిచేలో కలుపు తీస్తున్న ఒక ముసలమ్మ పాట వినపడింది. అది ఆనందభైరవి నడకే. ఏళ్లతరబడి తాను సాధన చేసిన గమకం ఆమె గొంతులో అలవోకగా పలుకుతోంది.

ఆ బాణీని పట్టుకుని, అందులో తప్పుగా తోచిన ఒక విరుపును సరిచేసి, కీర్తనను తిరగరాసి మళ్లీ పాడాడు. ఈసారి ఎవరూ లేచిపోలేదు. కానీ వినడానికి వచ్చిన ముసలమ్మ నోరు మెదపలేదు. అది తన పాటేనని ఆమెకు తెలియలేదు.

విద్వాంసుడికి నిద్ర పట్టలేదు. తెల్లారి చేలోకి వెళ్లి, ఆమె పక్కన కూర్చుని తానూ కలుపు తీశాడు. అప్పుడు తెలిసింది. గడ్డి వేరుతో సహా పెరికేచోట ఊపిరి ఒక్క క్షణం ఆగుతుంది. పాట అక్కడే విరుగుతుంది. తాను సరిచేసింది ఆ ఊపిరినే.

విరుపును తిరిగి పెట్టాడు. శిల్పుల పిల్లలకు సాయంత్రాలు పాఠం చెప్పాడు. గడపగడపకూ వెళ్లి కచేరీకి పిలిచాడు. మృదంగం పక్కన చెక్కభజన వాళ్లను, తన పక్కన ముసలమ్మను కూర్చోబెట్టాడు. ఆ రాత్రి పల్లవిని ఊరంతా అందుకుంది.

జనం దగ్గర బాణీ తీసుకుంటే సరిపోదు, దాన్ని పుట్టించిన పనినీ మనిషినీ గౌరవించాలన్నది ఇందులో నీతి. జనం బాణీలను అందుకున్నవాళ్లు నిజంగానూ ఉన్నారు. అహోబిలంలో ఆదివన్ శఠగోపయతి దగ్గర చదువుకున్న అన్నమయ్య 15వ శతాబ్దంలో జాజర, సువ్వి, గొబ్బి పాటల వరుసల్లో పదాలు కట్టాడు. మెక్సికోలో స్వరకర్త అర్తూరో మార్కెజ్ 1994లో డాన్స్ హాళ్ల దన్సోన్ బాణీని ఆర్కెస్ట్రాకు ఎక్కించాడు. కొత్తగా పాట కట్టేవాళ్లు ముందు ఆ పాట పాడేవాళ్ల గడప తొక్కండి.