చెల్లుచీటి

పెళ్లికి కుబేరుడి దగ్గర తెచ్చిన అప్పు తీర్చే దారి కానరాక వేంకటేశ్వరుడు తిరుమల విడిచి నడిచొచ్చాడని పాలమూరు స్థలపురాణం. కృష్ణ ఒడ్డు వెంట వస్తూ గద్వాల దాపున, జూరాల దగ్గరి గుండాల జలపాతంలో స్నానం చేశాడట. ఆ కాళ్లు కందకుండా కృష్ణమ్మ పాదుకలు ఇచ్చిందట. అలా కురుమూర్తి కొండ చేరాడు. ఏటా కార్తీక జాతరకు వనపర్తి జిల్లా ఆత్మకూరు నుంచి స్వామి నగలు వస్తాయి, చిన్నవడ్డెమానులో తోలుతో కుట్టిన ఉద్దాలు, అంటే స్వామి పాదుకలు, ఊరేగింపుగా వస్తాయి. వాటికి తల ఆనించే వాళ్లలో బాకీ ఉన్నవాళ్లే ఎక్కువేమో. తమలాగే అప్పుపడ్డ దేవుడు కాబట్టే ఆయన వాళ్లకంత దగ్గరివాడు.

ఆయన బాకీకి గడువు కలియుగాంతం. అందాకా వడ్డీ, ఆపైన అసలు. దేవుడు యుగం పాటు ఆగగలడు. మనిషి ఎన్నాళ్లు ఆగాలి?

మనిషి పుట్టుకతోనే ఋణగ్రస్తుడని తైత్తిరీయ సంహిత కాలం నుంచీ వింటున్నాం. దేవతలకు, ఋషులకు, పితరులకు మూడు ఋణాలు. శతపథ బ్రాహ్మణం సాటి మనుషుల ఋణాన్నీ నాలుగోదిగా చేర్చింది. కన్నవాళ్ల ఋణం తీరేది కాదు, తీరాలని ఎవరూ కోరుకోరు కూడా. మనిషి పోయినప్పుడు మాత్రమే ‘ఋణం తీరిపోయింది’ అంటాం.

చిక్కల్లా డబ్బు బాకీని కూడా ఈ వరసలో కలిపేయడంతోనే వచ్చింది. శాస్త్రం అలా కలపలేదు. అప్పు ముట్టాక పత్రం చింపెయ్యాలి, లేదా తీరినట్టు వేరే పత్రం రాసివ్వాలి అని యాజ్ఞవల్క్య స్మృతి స్పష్టంగా చెప్పింది. విడతలుగా కడితే ఆ పత్రం వెనకే రాయమంది. ఇప్పటికీ ఊళ్లలో ప్రామిసరీ నోటు తిరగేసి చెల్లు రాస్తారు: తేదీ, అంకె, అదే మొత్తం అక్షరాల్లో, కింద సంతకమో వేలిముద్రో. ఆఖరి రూపాయి ముట్టిన రోజు నోటు నిలువునా చింపి చేతిలో పెడతారు. ఆ ముక్కలు మడిచి జేబులో పెట్టుకుని ఇంటికెళ్లేవాడి నడకే వేరు.

రైతుదీ ఆ ఒక్క రోజు కోసమే ఎదురుచూపు. తెలంగాణలో 2018 డిసెంబర్ 11 నాటికి ఉన్న లక్ష లోపు పంట రుణాలు మాఫీ అన్నారు. పాతిక వేల లోపు వాళ్ల వంతు 2020లో వచ్చింది, యాభై వేల లోపు వాళ్ల వంతు 2021లో మొదలైంది. 99,999 రూపాయల దాకా ఉన్నవాళ్లు 2023 ఆగస్టు దాకా ఆగారు. ఆ ఏళ్లన్నీ వడ్డీ మాత్రం ఆగలేదు. 2024లో రెండు లక్షల మాఫీ జులై 18, జులై 30, ఆగస్టు 15 తేదీల్లో విడతలుగా నడిచి, నాలుగో విడత నవంబర్ 30న మహబూబ్‌నగర్ రైతు పండుగలో ప్రకటించారు. రెండు లక్షలు దాటినవాళ్లు పైమొత్తం ముందు కట్టాలన్నారు. దానికి బయట చేబదులు తెచ్చి కట్టి, ఆపైన జాబితాలో పేరు వెతుక్కున్న వాళ్లూ ఉన్నారు. మాఫీ సాయమే, కాదనలేం. కానీ తీరిందో లేదో తెలియని బాకీ, తీరని బాకీ కన్నా ఎక్కువ నిద్ర చెడగొడుతుంది.

ఇంతకన్నా కఠినమైనది వలస కూలీల మేస్త్రీ పుస్తకం. వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల నుంచి అడ్వాన్సు తీసుకుని గుంపులుగా దూరదేశపు డ్యాముల పనికి వెళ్లిన తరాలున్నాయి. ఎంత పని చేసినా లెక్క ఆ పుస్తకంలోనే, కలం మేస్త్రీ చేతిలోనే. తండ్రి అప్పు కొడుకు తీర్చాలని స్మృతులూ అన్నాయి, అది దాచనక్కర్లేదు. 1976 వెట్టిచాకిరీ రద్దు చట్టం ఆ మాటను కొట్టేసింది: చాకిరీకి కట్టేసిన బాకీ చెల్లదు, కట్టనక్కర్లేదు. అధికారి చేతి విడుదల పత్రమే వాళ్లకు చెల్లుచీటి.

బ్యాంకుల విషయానికొస్తే, వ్యక్తిగత రుణం పూర్తిగా తీరాక ఆస్తి కాగితాలు 30 రోజుల్లో తిరిగివ్వాలని, అప్పిచ్చిన సంస్థ వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలని రిజర్వు బ్యాంకు 2023లో ఆదేశించింది. యాజ్ఞవల్క్యుడు వింటే సంతోషించేవాడు. పంట రుణం తీర్చిన రైతుకూ అలాంటి గడువే ఉండాలి.

ఇది చదివేవాళ్లలో అప్పిచ్చినవాళ్లూ ఉంటారు. ఎవరిదైనా తీరిన నోటు మీ బీరువాలో ఇంకా పడి ఉంటే, ఈ కార్తీకం దాటకుండా వాళ్లను పిలిచి, వాళ్ల ముందే చింపి చేతికివ్వండి.