పేరుదేముంది?

1792లో బ్రిటిష్ నావికుడు జార్జ్ వాంకూవర్ కెనడా పశ్చిమ తీరానికి వచ్చేసరికే అక్కడ మస్క్వియం, స్క్వామిష్, స్లేవాతూత్ ప్రజల ఊళ్లున్నాయి. ఆ ఊళ్లకు పేర్లున్నాయి. 1886లో అక్కడ వెలసిన నగరానికి మాత్రం రైల్వే కంపెనీ అధికారి సూచనతో ఆ నావికుడి పేరు పెట్టారు. ఆ నేలను మూలవాసులు ఎన్నడూ వదులుకోలేదని 2014లో నగరపాలక మండలే ఒప్పుకుంది. పేరు అలాగే ఉంది.

పెళ్లితో ఇంటిపేరు పోగొట్టుకున్న ఆడవాళ్లకు ఈ కథ కొత్త కాదు. 'పేరుదేముందిలే' అనేది ఎప్పుడూ పేరు పోనివాళ్లే. అలాగని పేరు మారిస్తే చాలా? చాలదు. నేల మీద హక్కు రాకపోతే పాత పేరు బోర్డు మీద అక్షరాలుగానే మిగులుతుంది. కానీ తప్పు ఒప్పుకుంటూనే దాని ఫలం అనుభవించడాన్ని పశ్చాత్తాపం అనగలమా?