దేవుడుండగా కౌన్సెలింగ్ ఎందుకు?



నాన్న పోయిన ఏడాది నాకు రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. ఉప్పుగూడ స్టేషన్‌లో ఎంఎంటీఎస్ కూత వినిపిస్తే తెల్లారిందని తెలిసేది. థెరపిస్ట్ దగ్గరికి పోతానంటే అమ్మ భయపడింది. "ఎర్రగడ్డకు పోయేంత ఏమైంది బిడ్డా? మహంకాళి అమ్మవారికి మొక్కుకో, అన్నీ సర్దుకుంటయ్" అంది.

ఆ మాట నన్ను చాలా రోజులు ఆపింది. వెళ్తే నా భక్తి తక్కువైనట్టేనా?

నాకు జవాబు గీతలోనే దొరికింది. మొదటి అధ్యాయంలో అర్జునుడి ఒళ్లు వణుకుతుంది, నోరు ఎండిపోతుంది, గాండీవం జారిపోతుంది. అతని బాధ మొదలయ్యాక ఆ అధ్యాయం ముగిసేదాకా కృష్ణుడు ఒక్క మాట మాట్లాడడు. వింటాడు. రెండో అధ్యాయం మొదట్లో "ఈ పిరికితనం ఏంటి, లే" అన్నట్టు మందలిస్తాడు. పని చేసిందా? లేదు! మన ఇళ్లలో "ధైర్యంగా ఉండు" అంటే పని చేయనట్టే. అర్జునుడు "నీ శిష్యుణ్ని, దారి చూపు" అంటాడు, ఆ వెంటనే యుద్ధం చేయనని మౌనంగా ఉండిపోతాడు. అసలు బోధ అప్పుడు మొదలవుతుంది. అందులో జ్ఞానం ఉంది, కర్మ ఉంది, ఆరో అధ్యాయంలో ధ్యానం, పన్నెండులో భక్తి. ఒకే దారి పట్టుకుని కూర్చోలేదు స్వామి.

ఇంటిగ్రేటివ్ థెరపీ అంటే కూడా దాదాపు ఇదే. పద్ధతికి మనిషిని సరిపెట్టరు, మనిషికి తగ్గ పద్ధతులు కలుపుతారు. మా థెరపిస్ట్ మేడమ్ మొదట్లో ఎక్కువగా విన్నారు. తర్వాత ఊపిరి మీద ధ్యాస నేర్పారు. "నాన్న పోవడానికి నేనే కారణం" అన్న ఆలోచనను కాగితం మీద రాయించి, రుజువేంటని అడిగారు. ఇంకోరోజు నాన్నకు చెప్పలేకపోయిన మాటను ఖాళీ కుర్చీకి చెప్పమన్నారు. రోజూ సాయంత్రం దీపం పెడతానంటే నవ్వలేదు. "ఆ పది నిమిషాలు మీకెలా ఉంటుంది?" అన్నారంతే. నేను ఏడ్చేశాను. ఎదుటివాళ్లను తీర్పు చెప్పకుండా అర్థం చేసుకోవడమే మార్పుకి మూలమని కార్ల్ రోజర్స్ 1957లోనే రాశారు. అదేంటో నాకు ఆరోజు తెలిసింది.

ఒకసారి "ఉద్యోగం మానేయాలా? మీరే చెప్పండి" అని అడిగా. చెప్పలేదు. కోపమొచ్చింది. కానీ పద్దెనిమిదో అధ్యాయంలో అన్నీ చెప్పిన దేవుడే బాగా ఆలోచించి నీకు తోచినట్టు చెయ్యమంటాడు. నిర్ణయం అర్జునుడికే వదిలేశాడు.

అయితే ఒకటి. కృష్ణుడు అర్జునుడికి బావ, సఖుడు, సారథి. థెరపిస్ట్ దేవుడూ కాదు, చుట్టమూ కాదు. టైమ్ అయ్యాక ఎవరి దారి వాళ్లది. ఆ హద్దే మనకు రక్షణ. "నేను తప్ప నీకు దిక్కు లేదు" అనేవాళ్లు స్వామీజీ అయినా, కౌన్సెలర్ అయినా, అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

మొన్న ఆషాఢంలో అమ్మ బోనమెత్తింది, పక్కన నేనూ నడిచాను. మర్నాడు సెషన్ నుంచి రాగానే అడిగింది, "మేడమ్ ఏమన్నది బిడ్డా?" ఈసారి ఆ గొంతులో భయం లేదు.

మీకూ మనసు బరువుగా ఉంటే టెలి మానస్‌కి, 14416కి ఫోన్ చేయండి. ఉచితం. దీపం పెట్టాకే చేయండి, తప్పేం లేదు.

కృష్ణార్పణం.